పాతరలోకి దించిన కందిలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూడా ఇదే మాట నలిగింది బిడ్డా, నిన్న నువ్వు ఫోన్‌లో అడిగిన మాటే. అంత ఖర్చు పెట్టి డిగ్రీ చదివితే ఏమొస్తుంది అమ్మమ్మా అన్నావు. ఫోన్ పెట్టేశాక మా తాత పాతర గుర్తొచ్చింది.

పాతరంటే మీరెవరూ చూసి ఉండరు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో ఉండేది మా ఊరు. జొన్నలు బాగా పండిన ఏడు ఇంటి ముందు మనిషి లోతుకు మించి గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, అందులో జొన్నలు పోసి, పైన బండ వేసి మట్టి కప్పేవారు. వాన ముఖం చాటేసిన ఏడు ఆ బండ తీసేవారు. మాకు అలాంటివి మూడు ఉండేవి. మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, హైదరాబాదులో బీఎస్సీ చదివేవాడు. మొదటి ఏడు ఒక పాతర, రెండో ఏడు ఇంకొకటి ఆయన చదువుకే పోయాయి. మూడోది కరువుకని తాత దాచాడు. దాని మీదే మంచం వేసుకుని పడుకునేవాడు.

ఆఖరి పరీక్షలకు ఫీజు కట్టాలని చిన్నాయన ఊరికొచ్చాడు. వచ్చి మూడు రోజులైనా తాత ఆ మంచం కదల్చలేదు. గడువు ఇంకొక్క రోజు ఉందనగా పొద్దున్నే లేచి, తన మంచం తానే పక్కకు జరిపాడు.

నారాయణఖేడ్ గంజి నుంచి, అంటే ధాన్యం అంగడి నుంచి, జొన్నలు కొనే సేటు మనిషి బండి కట్టుకుని వచ్చాడు. పొద్దెక్కేలోపు జొన్నలు ఎత్తకపోతే వేరే ఊరికి పోతానన్నాడు. మా జీతగాడు, నడివయసు మనిషి, బండను పక్కకు దొర్లించాడు. లోపలి నుంచి మగ్గిన పుల్లటి వాసన గుప్పుమంది. తాత కందిలి వెలిగించి, తాడుకు కట్టి నా చేతికిచ్చాడు. ఎప్పుడు పాతర తీసినా ఆ పని నాదే. దీపం అడుగుదాకా వెలిగితేనే లోపల ఊపిరాడుతుందని మనిషిని దింపేవారు. దీపాన్ని మెల్లగా దించాను. సగం లోతుకు పోకముందే ఆరిపోయింది.

నూనె అయిపోయి ఉంటుందన్నాడు చిన్నాయన. నేను కందిలి పైకి లాగి ఊపి చూశాను. నూనె చప్పుడైంది. ఉందని చెప్పేశాను. చెప్పాక ఆయన ముఖం చూసి, ఊరుకుంటే పోయేదేమో అనిపించింది.

లోపల ఉన్నది కార్బన్ డయాక్సైడ్ అనే గాలి అనీ, మామూలు గాలికంటే బరువు కనుక అడుగున పేరుకుంటుందనీ చిన్నాయన మా అందరికీ చెప్పాడు. అరుగు మీద చేట పట్టుకున్న మా అవ్వ, అంటే చిన్నాయన తల్లి, తల కూడా ఎత్తకుండా, “గాలికి పేరు పెట్టనీకి రెండు పాతర్లు బోయినయి” అంది. అందరం నవ్వాం, చిన్నాయన కూడా. కానీ అవతల సేటు మనిషి ఎద్దులను మళ్లీ కాడికి కడుతున్నాడు. చిన్నాయన గబగబా జీతగాడి దగ్గరికి పోయి, ఊపిరి బిగబట్టుకుని దిగితే ఏం కాదు, నాలుగు గంపలు ఎత్తేసరికి గాలి అదే సర్దుకుంటుంది అన్నాడు. జీతగాడు నడుముకు తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

“దిగుతా తీయ్ చిన్న పటేలా, నీ ఫీజు ఆగొద్దు.”

తాత లేచి వచ్చి ఆ తాడు విప్పాడు. దాన్ని చిన్నాయన నడుముకు చుట్టాడు. గొంతు కూడా పెంచలేదు.

“దాని పేరు ఎరుకున్నోనివి నువ్వే గదరా. నువ్వు దిగు.”

చిన్నాయన గొయ్యిలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తాడు విప్పేసి అక్కడే కూలబడ్డాడు. బండి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆయనే లేచి, వేపమండలు కట్టగట్టి తాడుకు వేలాడదీసి, పొద్దు గూకేదాకా పాతరలోకి దించుతూ లేపుతూ గాలిని కలిపాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు నేను దించిన కందిలి అడుగుకు పోయినా వెలుగుతూనే ఉంది. మొదట దిగింది చిన్నాయనే. ఆ జొన్నలు మా బండి మీద గంజికి తీసుకుపోయి, వచ్చిన ధరకు అమ్ముకుని, గడువు దాటినందుకు జరిమానాతో సహా ఫీజు కట్టాడు. పాసయ్యాడు. తాత మాత్రం ఖాళీ పాతర మీదే మళ్లీ మంచం వేసుకున్నాడు.

ఆ పైన రెండేళ్లు వాన లేదు. ఇంటిల్లిపాదీ సర్కారు పెట్టిన కరువు పనికి పోయాం, బావి తవ్వే పనికి. డిగ్రీ చదివిన చిన్నాయనకు దొరికిన నౌకరీ అక్కడే, కూలీల హాజరు రాయడం. తన తల్లి పేరు తానే రాసి, ఆమె వేలు పట్టుకుని ముద్ర వేయించేవాడు. రోజూ పొద్దున ఎవరూ బావిలోకి దిగకముందే కందిలి దించి చూసేవాడు. పని ఆలస్యమవుతోందని మేస్త్రీ తిట్టినా వినేవాడు కాదు. ఎన్నో ఏళ్లకు ఆయనకు సర్కారు కొలువు వచ్చింది. అప్పటికి తాత లేడు.

ఇప్పటికీ వీధిలో మురుగు మోరీ మూత తీసి మనిషిని దింపుతుంటే నేను ఆగిపోతాను. దిగేవాణ్ని చూడలేను. పైన నిలబడి దిగమనేవాళ్ల వైపే చూస్తుంటాను.

నిన్ను చదవమని అనలేను, వద్దనీ అనలేను. నేనూ ఒకసారి అడిగాను తల్లీ. కరువు పని నుంచి వచ్చి తాతా నేనూ ఆ మంచం మీదే కూర్చుని, ఒక్క గిన్నెలో పలుచటి జొన్నజావ తాగుతున్నాం. ఇట్లా అవుతుందని ముందే తెలిస్తే మూడో పాతర తీసేవాడివా తాతా అన్నాను. ఆయన కాళ్ల కింది బండ మీది మట్టిని అరికాలితో సర్దాడు. గిన్నె నా వైపు జరిపాడు.

“తాగు బిడ్డా, సల్లారుతది.”

జావ అప్పటికే చల్లారిపోయి ఉంది.