నాయిన పంటి తొడుగు

పాల్వంచలో పళ్ల డాక్టరు గది తలుపు తీయగానే లవంగ నూనె వాసన గుప్పుమంది. విరిగిన దవడ పన్నుకు తొడుగు వేస్తానని, భయపడొద్దని ఆ చిన్నవయసు డాక్టరమ్మ నన్ను బుజ్జగించబోయింది. నాకు నవ్వొచ్చింది. తొడుగు సంగతి నాకా చెప్పడం! మా ఇంటి పరువు నిలబెట్టిందే ఒక తొడుగు.

బూర్గంపాడులో మాది సన్నాయి ఇల్లు. మేం దూదేకులవాళ్లం, అయినా నాయిన సన్నాయి మోగందే చుట్టుపక్కల ఏ పందిట్లోనూ తాళి కట్టేవారు కాదు. మాఘం వచ్చిందంటే ఇంటినిండా కొబ్బరినూనె వాసన, సన్నాయి కొసకు పెట్టి ఊదే పీకలు ఆరబెట్టిన చాటలు, పెళ్లిళ్ల నుంచి మూటగట్టి తెచ్చిన అరిసెలు. పారేసిన పీకలు నోట్లో పెట్టుకుని పిల్లలం వాకిట్లో పెళ్లిపెళ్లి ఆట ఆడుతుంటే, నానమ్మ అక్షింతలకు బదులు మా మీద తిట్లు చల్లేది.

పీకకు దారం చుట్టి, ముందు పళ్లతో లాగి ముడి బిగించడం నాయిన అలవాటు. చేత్తో లాగితే బిగువు తెలియదనేవాడు. ఒక ఏడు పెళ్లిళ్ల ముందు అట్లా లాగుతుంటే పై ముందు పన్ను సగానికి విరిగింది. ఊదబోతే పెదవికి వెనక ఆసరా లేక గాలి పక్కకు పోయింది, సన్నాయి కీచుమంది. మా ఆట ఆగిపోయింది.

“ఆ పన్ను పీకిచ్చెయ్‌రా. డోలు కొట్టుకొని బతకొచ్చు,” అంది నానమ్మ.

“డోలు కొట్టెటోళ్లు మస్తుగున్నరమ్మా. గీ సన్నాయి ఎవడు ఊదుతడు?” అన్నాడు నాయిన.

మర్నాడు దవాఖానాకు పోతుంటే నేనూ వెంటపడ్డాను. డాక్టరు పన్ను పీకనన్నాడు. “వేరు గట్టిగుంది. తొడుగేస్తే కొరకొచ్చు, మిగిలిన పన్ను ఇంకా విరగదు, పక్క పళ్లు వాలవు. దారాలు మాత్రం లాగకు.” లోపల శుభ్రం చేసి, పన్నును చుట్టూ అరగదీసి, అచ్చు తీసుకుని, కొన్నాళ్లకు తెల్లటి తొడుగు బిగించాడు. బంగారుదైతే పదిమందిలో మెరిసేదని నానమ్మ సణిగింది.

“పాట మెరుస్తే సాలదా?” అన్నాడు నాయిన.

పాత పట్టు ఒక్కరోజులో రాలేదు. ఇంటి వెనక వెదురు పొదల నీడన కూర్చుని రోజూ ఊదాడు. మొదటి పెళ్లివాళ్లు, ఎందుకైనా మంచిదని, ఇంకో మేళాన్ని కూడా పిలిపించుకున్నారు. నాయిన ఆలాపన ఎత్తుకున్నాడు. ఆ మేళగాళ్లు కాసేపు విని, తమ సన్నాయిని గుడ్డలో చుట్టేసి ముందు వరసలో కూర్చున్నారు.

ఇప్పుడు పెళ్లిళ్లలో సన్నాయి డబ్బాలోంచి వస్తోంది. ఎవరో మీట నొక్కుతారు. మా వాడలో ఊదేవాళ్లు లేరు, మా అన్నదమ్ముల్లో ఒక్కడూ నేర్చుకోలేదు. పోయినేడు పక్కింటి పెళ్లిలో కరెంటు పోయి ఆ డబ్బా మూగబోయింది. ముహూర్తం దాటుతోందని అందరూ కంగారుపడుతుంటే, దవడ పళ్లన్నీ రాలిపోయిన నాయిన ఇంటికి పోయి సన్నాయి తెచ్చుకున్నాడు. తొడుగేసిన ముందు పన్ను నిలిచే ఉంది కదా, ఊదాడు. తాళి పడింది.

“ఆ తాత ఎవరు?” అంది నా పక్కనున్న పిల్ల.

“మా నాయిన,” అన్నాను, పందిరంతా వినపడేలా.