ఎర్విన్ డుడెక్‌ని ఎవరూ అడగలేదు

మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. ఆ పెద్దలెవరూ అమెరికాలోని టొలీడోలో ఎర్విన్ డుడెక్ కంటబడలేదు కాబట్టి బతికిపోయారు. మనిషి నోరు తెరిచి "సరే" అంటేనే సరే అన్నట్టు. తల ఊపితే కాదు, నవ్వితే కాదు, ఊరుకుంటే అసలే కాదు. ఇదీ ఎర్విన్ మతం. గాజు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర వయసంతా ధారపోసి రిటైరయ్యాడు గానీ, వచ్చేటప్పుడు ఆ కొలిమిని ఛాతీలో పెట్టుకునే వచ్చాడు. "నన్నడిగారా?" అన్న ఒక్క మాటతో అది రోజూ రాజుకునేది.

పక్కింటి లియోనా సోబ్‌చాక్‌కి ఆ మాట కోడికూత లాంటిది. ఎవరో వాకిట్లో ఉచిత ప్రకటనల పేపరు విసిరేసి పోతారు. వెంటనే కంచె అవతల నుంచి, "నన్నడిగారా?" ఆవిడ లేచి కాఫీ పెట్టుకునేది.

కాఫీ అంటే గుర్తొచ్చింది. మూలమీది హోటల్లో కప్పు సగమవగానే పిల్ల వచ్చి నింపిపోవడం ఆ దేశంలో మర్యాద. ఎర్విన్‌కి అది దౌర్జన్యం. ఒకసారి కప్పుమీద చెయ్యి అడ్డం పెట్టాడు. కాఫీ చేతిమీద పడింది. చెయ్యి తీయలేదు. "అడిగి పొయ్యి, తాగుతాను" అన్నాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసి, "పొయ్యనా?" అంది. "పొయ్యి." బొబ్బలెక్కిన చేత్తోనే మూడు కప్పులు తాగి, పిల్లకి దండిగా చిల్లర వదిలి వచ్చాడు.

చర్చి వనభోజనాలకి ఏం తెస్తారో చెప్పని వాళ్ళంతా ఆలుగడ్డ సలాడ్ తెస్తున్నట్టే లెక్క అని నోటీసు పెట్టారోసారి. తాను సలాడ్ తేవడానికి ఒప్పుకోలేదని ఎర్విన్ ఫాదర్ గిల్‌కి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాడు. ఆదివారం నాడు బిందెడు ఆలుగడ్డ సలాడ్ మోసుకొచ్చాడు. ఇదేమిటని ఫాదర్ అడిగితే, ఇది తన ఇష్టంతో తెచ్చిందని, ఆ లెక్కలోది కాదని విడమరిచి చెప్పాడు.

అన్నిటికన్నా ఘోరం గడియారం సంగతి. మార్చిలో దేశమంతా గడియారాన్ని ఒక గంట ముందుకి తిప్పుకుంటుంది. ఎర్విన్ తిప్పడు. పొద్దుటి వెలుగులోంచి నిండు గంట ఎత్తుకుపోయారు, తనని మాట మాత్రం అడగలేదు! అంచేత వసంతమంతా అతను ఊరికి ఒక గంట వెనక, తన సొంత కాలంలో బతికేవాడు. జనం పూజ ముగించుకుని మెట్లు దిగుతుంటే అతను ఎక్కేవాడు. ఖాళీ చర్చిలో, రంగుటద్దాల నీడల మధ్య ఒక్కడే కూచుని దేవుడితో ఏం తగువాడేవాడో తెలియదు.

అలాంటి మనిషికి చందాలు వాటంతటవే పొడిగించుకునే కంపెనీలు దొరికితే ఇక చెప్పాలా? మొదటి నెల ఉచితం అంటారు. రెండో నెల నుంచి అడక్కుండా ఖాతాలోంచి లాగుతారు. చేరడానికి ఒక్క మీట, మానుకోవడానికి మహాప్రస్థానం. చేపల వేట పత్రిక దగ్గర్నుంచి దోమల మందు దాకా ఎర్విన్ అందరితోనూ పోట్లాడాడు. మోసపోయిన వాళ్ళందరి తరఫునా కలిపి ఎవరైనా ఒకే దావా వేసి గెలిస్తే, అందులో తన వాటాకి మొట్టమొదట అర్జీ పెట్టేది అతనే. వచ్చే చెక్కు ఒక సబ్బుబిళ్ళకి చాలదు. దానికి కోటు తొడిగి, టై కట్టి బ్యాంకుకి పోయేవాడు. ఆ మాత్రం దానికి ఇంత ఆర్భాటమా అని లియోనా ఒకసారి దెప్పింది.

"వాళ్ళు వందలు లాక్కుని చిల్లర విదిలించారమ్మా. ఆ చిల్లర కూడా తీసుకోకపోతే దానం చేశామనుకుంటారు. నేను దానం చేశానా? నన్నడిగారా?"

చాదస్తం మనిషి అనుకుని ఆవిడ తలుపు వేసుకుంది.

ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే తపస్సు కాలంలో ఒక కార్డు వచ్చింది. కవరు లేదు, మడత లేదు, దారిన పోయే ప్రతివాడూ చదువుకోదగ్గ బోడి కార్డు. పోస్టతను దాన్ని పొరపాటున ఎర్విన్ పెట్టెలో వేశాడు. అతను దాన్ని బోర్లించి అరచేతిలో పెట్టుకుని, గూట్లోంచి జారిన పిట్టపిల్లని తెచ్చినట్టు లియోనా గుమ్మంలోకి తెచ్చాడు.

ఆవిడ ఒక్క చూపులో చదివేసింది. అరవై దాటినవాళ్ళకి తోడు వెతికిపెట్టే 'సిల్వర్ స్వాన్స్', అంటే వెండి హంసలు, అనే సంస్థ మీద దావా గెలిచారు. సభ్యులు నెలాఖరులోగా అర్జీ పెట్టుకుంటే డబ్బు వాపసు. పైన పెద్ద అక్షరాల్లో లియోనా సోబ్‌చాక్.

ఆవిడ అందులో చేరింది భర్త వాల్ట్ పోయిన రెండో చలికాలంలో. ఇంటిమీద మంచు పడుతున్న చప్పుడు తప్ప మరో చప్పుడు లేని రోజుల్లో, వారం రోజులు ఉచితం అంటే ఆవిడ మీట నొక్కింది. వారమయ్యాక డబ్బు పోవడం మొదలైంది. మానుకుంటానని ఫోను చేస్తే ఎవరో కుర్రాడు హుషారుగా, "ఏమ్మా, తోడు దొరికిందా?" అన్నాడు. ఫోను పెట్టేసింది. సిగ్గుకి ఖరీదు కట్టినట్టు నెలనెలా కడుతూ, బ్యాంకు కార్డు గడువు తీరే దాకా మూడేళ్ళు కట్టింది. చిన్న సొమ్ము కాదు. ఇల్లు వెచ్చబరిచే కొలిమి పాడైతే బాగుచేయించలేక ఈ చలికాలమంతా వంటింట్లోనే పడుకుంటోంది ఆవిడ.

"ఇది నాది కాదు. ఎవరో నా పేరు వాడుకున్నారు" అంది.

ఎర్విన్ ఆవిడ మొహం కేసి చూడలేదు. కార్డు కేసీ చూడలేదు. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే డబ్బు రాదు సరికదా, ఇక ఎన్నడూ దావా వేసే హక్కు కూడా పోతుందని చెప్పాడు. "చూశారా, కోర్టుదీ అదే పాట. ఊరుకుంటే ఒప్పుకున్నట్టట" అన్నాడు కోపంగా.

"పారెయ్యండి" అంది లియోనా. తలుపు మూసి, ఆ చెక్కకే వీపు ఆనించి నిలబడింది. ఆవిడకీ కోపం వచ్చింది. కంపెనీ మీద, ఆ కుర్రాడి మీద, ఒక్క కవరుకి పైసలు లేని వకీళ్ళ మీద, అన్నీ తెలిసీ ఏమీ తెలియనట్టు నిలబడ్డ ఎర్విన్ మీద మరీ ఎక్కువ.

శుక్రవారం సాయంత్రం చర్చి కింది హాల్లో చేపల వేపుడు విందు. ఊరంతా అక్కడే. వడ్డన బల్ల దగ్గర క్యాబేజీ గరిటె పట్టుకుని డొలోరెస్ ఉంది. టీవీలో ఆ దావా వార్త చూసిందట. ఆ వయసులో హంసల కోసం ఎగబడ్డ ముసలమ్మలెవరో చూడాలని ఉందంటూ గరిటె గరిటెకీ ఒక జోకు వడ్డిస్తోంది. హాలు విరగబడి నవ్వుతోంది. నవ్వకపోతే అనుమానిస్తారని లియోనా కూడా నవ్వింది.

సరిగ్గా అప్పుడు, తన గడియారం ప్రకారం సరిగ్గా వేళకి, ఎర్విన్ వచ్చాడు. చేపలు అప్పటికే అడుగంటాయి. ఖాళీ పళ్ళెం పట్టుకుని కాసేపు విన్నాడు. తరవాత జేబులోంచి ఒక కార్డు తీసి తలమీదికెత్తాడు.

"నేను చేరాను" అన్నాడు.

నవ్వు తెగిపోయింది. ఫాదర్ గిల్ చేతిలో చేప ఆగిపోయింది.

"చేరాను. ఒంటరిగా ఉన్నాను, చేరాను. అదేమన్నా నేరమా? నెలరోజులు ఉచితమన్నారు. తరవాత నన్నడక్కుండా నా డబ్బు లాగారు. సిగ్గు పడాల్సింది లాగినవాడా, నేనా? ఇంకా ఎవరికైనా ఈ కార్డు వచ్చిందా, నేనొక్కణ్ణేనా వెధవని?"

ఉచితం నెలరోజులు కాదు, వారమే. లియోనా మనసులోనే దిద్దింది. కార్డు ఆవిడ కళ్ళకెదురుగానే ఊగుతోంది. దానిమీద హంస లేదు. నాలుగు టైర్లు కొంటే ఒకటి ఉచితమని ఉంది.

వెనక బల్ల దగ్గర చర్చి గంట కొట్టే స్టాన్లీ నెమ్మదిగా చెయ్యెత్తాడు. ఇంకో మూల నుంచి ఇంకొకావిడ.

"మానుకుందామంటే ఫోనులో గంటసేపు పాటలు వేస్తారు, పాడు వెధవలు" అంది డొలోరెస్. అనేశాక గానీ తానేమన్నదో ఆవిడకి తెలియలేదు. గరిటె క్యాబేజీలో మునిగిపోయింది.

హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నవ్వులో లియోనాకి కూచోవడానికి చోటుంది. "నాకూ వచ్చింది" అంది ఆవిడ, పక్కన ఉప్పు అందుకుంటూ, మామూలుగా.

మర్నాడు ఎర్విన్ పారెయ్యకుండా దాచిన ఆవిడ కార్డు తెస్తే, తన వంటింటి బల్లమీదే అర్జీ పూర్తి చేసింది. చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేసే చోట సంతకం పెట్టాలని ఎర్విన్ చూపించాడు. పెట్టింది. కలం అతనికి అందించింది.

"మరి మీది?"

"నాది తరవాత చూసుకుంటాను."

"ఈ చుట్టుపక్కల అరవై దాటిన మగవాళ్ళ ఫొటోలన్నీ మూడేళ్ళు చూశాను ఎర్విన్. బట్టతల మీద టోపీ పెట్టిన వాళ్ళు, చేపని ఎత్తిపట్టుకుని పళ్ళికిలించిన వాళ్ళు, ఒక్కొక్కళ్ళూ నాకు కంఠతా వచ్చు. మీరు లేరు."

ఎర్విన్ చెవులు బీట్‌రూట్ చారులా ఎర్రబడ్డాయి. కిటికీ అవతల చూరు నుంచి కరిగిన మంచు ఒక్కో చుక్కా రాలుతోంది. అతను దాన్నే తదేకంగా చూశాడు.

"నువ్వు లేకపోబట్టే కదా అంత డబ్బు దండగైంది" అంది లియోనా, అర్జీని కవర్లో పెట్టి, అంచు నాలుకతో తడి చేసి అంటిస్తూ.

ఎర్విన్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"చేపతో దిగిన ఫొటో నా దగ్గరా ఒకటుంది" అన్నాడు చివరికి. "పెద్ద చేప కాదు."