పురికొసకు సరిపడిన కారు

మా ఇంట్లో కారు మాట పుట్టిన రోజున అందరూ నా నడుం పేరే ఎత్తారు.

"అమ్మ నడుం కోసం" అన్నాడు మా అబ్బాయి.

"అత్తయ్య నడుం కోసమే కదా" అంది కోడలు.

"దాని నడుం పాడైపోబట్టి గానీ, లేపోతే మనకి కారెందుకురా?" అన్నారు మా ఆయన.

అరవై ఎనిమిదేళ్ళుగా నాతో ఉన్న నడుముకి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. అయితే దేవుడి పేరు చెప్పి చేసిన ప్రసాదం ఎవరు తింటారో అందరికీ తెలిసిందే. మా అబ్బాయికి ఏనుగంత కారు కావాలి. కోడలికి పైకప్పులో కిటికీ ఉన్న కారు కావాలి. మా ఆయనకి ఏ కారూ అక్కర్లేదు, తప్పదంటే ఆయన స్నేహితుడు వదిలించుకోవాలని చూస్తున్న పాత కారు చాలు. ఈ మూడూ నా నడుముకి మంచివేనట. నడుముని మాత్రం ఎవరూ అడగలేదు.

మాది ఆమదాలవలసలో కిరాణా కొట్టు. పది నెలల కిందట ఒక పొద్దున బెల్లం దిమ్మ ఎత్తబోయాను. అది లేవలేదు, నేనూ లేవలేదు. పక్కనే మా ఆయన ఉన్నారు, అడగొచ్చు కదా అంటారు. ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, లేచి వచ్చేసరికి బెల్లం పాకమైపోతుంది. డాక్టరు ఫోటో తీయించి, పూసలు అరిగాయన్నాడు. కూర్చుంటే కూరుకుపోకూడదు, కాళ్ళు నేలకి ఆనాలి, తొడలూ మోకాళ్ళూ ఒక్క మట్టంలో ఉండాలి అన్నాడు. పడుకుంటే ఎలా ఉండాలో, నడిస్తే ఎలా ఉండాలో కూడా చెప్పాడు. ఎలా బతకాలో మాత్రం చెప్పలేదు.

కొట్టుపని పోయిందని నాకు బెంగ లేదు. నా బెంగ అంతా కోటబొమ్మాళిలో ఉంది. అక్కడ మా అప్ప ఉంది. తోడబుట్టినవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే. నాకంటే ఐదేళ్ళు పెద్దది. తనకి మోకాళ్ళు పోయాయి, నాకు నడుం పోయింది. ఇద్దరినీ కలిపితే ఒక మంచి మనిషి అవుతుంది గానీ, కలిపేదెలా? అంతకు ముందు నెలకోసారి రైలెక్కి వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఆ రైలు మెట్టు చూస్తేనే నడుం కలుక్కుమంటుంది. బస్సెక్కి ఒకసారి బయల్దేరి, శ్రీకాకుళంలోనే దిగి ఆటోలో వెనక్కి వచ్చేశాను. పదకొండు నెలలైంది అప్ప మొహం చూసి.

ఫోను ఉంది కదా అంటారు. మా అప్పకి చెవుడు. తను చెప్పాల్సింది తను చెప్పేసి, పెట్టేస్తుంది. నేను ఇవతల "అప్పా, అప్పా" అని అరుస్తుంటే కొట్లోకొచ్చిన వాళ్ళు నాకేదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఒకరోజు ఫోనులో అంది, "నాను పోయాక వస్తావేటే సూడ్డానికి? అప్పుడు నీకు నానేటి సెప్పగలను?" అని. పెట్టేసింది. కారు కొనమని మొదట నేను అడిగింది అందుకే. ఆ సంగతి ఇంట్లో అప్పుడే మర్చిపోయి, రంగులు మాట్లాడుకుంటున్నారు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. రైలు గేటు అవతల బడిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. మొట్టమొదట సొంతంగా చదివింది మా స్టేషను బోర్డు. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు. తప్పు చదివానేమోనని మూడుసార్లు మొదటికి వచ్చాను. నాలుగోసారి, తప్పు నాది కాదని తేల్చుకుని ఇంటికొచ్చాను.

అక్షరాలు రాకముందు పురికొసే నా పలక. పాలు పోయని రోజుకి ఒక ముడి. చాకలికి వేసిన చీరకి ఒక ముడి. అప్ప వస్తానన్న రోజుకి ఇంకా ఎన్నాళ్ళుంటే అన్ని ముళ్ళు, రోజుకొకటి విప్పుకుంటూ పోయేదాన్ని. చదువొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

కోడలు కారు పుస్తకాలు తెచ్చి, అందులోని ఇంగ్లీషు నాకు చదివి వినిపించింది. పాటలు ఎన్ని మూలల నుంచి వస్తాయో ఉంది, లోపల దీపం ఎన్ని రంగులు మారుతుందో ఉంది. "కూకునే సీటు నేల నుంచి ఎంత ఎత్తో సూడమ్మా" అన్నాను. తిప్పి తిప్పి చూసింది. లేదు. కారంటే కూర్చోవడానికే కదా కొనేది!

మా కొట్లో గల్లాపెట్టె వెనక మా మామగారి నాటి చెక్క స్టూలు ఉంది. ఈ ఏడాదిలో "అమ్మా" అనకుండా నేను కూర్చుని లేవగలిగింది దాని మీద ఒక్కదాని మీదే. పురికొస ఒక చివర నేలకి ఆనించి, స్టూలు మీదికి వచ్చేచోట గట్టిగా ముడేశాను. కత్తిరించి, కొంగున కట్టుకున్నాను.

కొట్టు సెలవు రోజున నలుగురం శ్రీకాకుళం వెళ్ళాం. నేను రెండు ఆటోలు మారి, దారి పొడుగునా దేవుళ్ళని పిలుచుకుంటూ వెళ్ళాను. షోరూములో మెడకి టై కట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, పొట్ట టై కంటే ముందొచ్చింది. నేరుగా ఏనుగు కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. మా అబ్బాయి ముందే ఫోను చేసి ఉంటాడు.

"రండి మామ్మగారూ, ఇందులో కూర్చుంటే విమానంలో కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాడు.

"ఇమానం కావాలంటే భోగాపురం ఎల్తాను నాయనా. నువ్వు కారు సూపించు" అని కొంగు ముడి విప్పి పురికొస తీశాను. చివర నేలకి ఆనించమని మా ఆయనకి చెప్పాను. వంగితే నేను లేవలేను కదా. ముడికి జానెడు పైన ఉంది సీటు.

మా అబ్బాయి మొహం ఎర్రబడింది. "అమ్మా, ఆ పురికొస లోపలెట్టీయే. అందరూ సూస్తన్నారు."

"సూడనీ. ఆల నడుం కాదు కదా నొప్పెట్టింది."

టై ఆయన పరిగెత్తి ఒక స్టూలు తెచ్చి కారు పక్కన వేశాడు. దాని మీద కాలు పెట్టి ఎక్కమన్నాడు.

"ఈ స్టూలు కారుతో పాటు ఇస్తావా?"

"అది... అది షోరూముదండీ."

"మరి కోటబొమ్మాళిలో దిగినప్పుడు నువ్వొచ్చి ఏస్తావేటి?"

రెండోది కోడలి కారు. పొడుగ్గా, నేలకి అంటుకుని, పైన కిటికీతో ఉంది. దాని సీటు ముడికి ఎంతో కింద. వద్దన్నా విననట్టు కోడలు "ఒక్కసారి కూర్చుని చూడండి అత్తయ్యా" అంది. కూర్చోలేదు, పడ్డాను. మెత్తగానే ఉంది. పైన కిటికీలోంచి ఆకాశానికి బదులు షోరూము ఫ్యాను కనిపించింది. లేవాలి కదా ఇప్పుడు. మా అబ్బాయి ఒక చెయ్యి, టై ఆయన ఒక చెయ్యి పట్టుకున్నారు. మా ఆయన వెనక నుంచి సలహాలు పట్టుకున్నారు. నిమజ్జనం నాడు వినాయకుణ్ణి లారీలోంచి దింపినట్టు దింపారు. బయటికొచ్చాక చాలాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇక కోడలు పైకిటికీ మాట ఎత్తలేదు.

ఆ గోడ పక్కనే, మూల, అగ్గిపెట్టెలాంటి చిన్న కారు ఒకటి ఉంది. దాని ముందు పూలకుండీ పెట్టారు.

"అదేటి?"

"అది మీకెందుకండీ. అది ట్యాక్సీల వాళ్ళు కొంటారు" అన్నాడు టై ఆయన.

"రోజంతా కూకునేవాడు కొన్నాడంటే ఆడి నడుముకి తెల్దా? కుండీ తియ్యి."

మా ఆయన వంగి పురికొస ఆనించారు. ముడి సరిగ్గా వెనక సీటు అంచుకి తగిలింది. వెనక్కి తిరిగి కూర్చున్నాను. రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాను. కాళ్ళు ఆనాయి, వీపు ఆనింది. సీటు గట్టిగా ఉంది, మా స్టూలు లాగే. తలుపు వేసుకుని, సంచీలోంచి చింతపండు పొట్లమూ స్టీలు డబ్బా తీశాను. పిక్కలు తీయడం మొదలుపెట్టాను.

టై ఆయన అద్దం మీద కొట్టాడు. "మామ్మగారూ, ఏం చేస్తున్నారు?"

"కోటబొమ్మాళి ఎల్తన్నాను. గంటన్నర పడతాది. నువ్వు నీ పని సూసుకో."

నవ్వాడు. పావుగంటకి నవ్వు తగ్గింది. కూల్‌డ్రింకు పంపించాడు. అరగంటకి మళ్ళీ వచ్చి "అయిందా అండీ?" అన్నాడు.

"నరసన్నపేట కూడా దాటనేదు నాయనా."

ముప్పావుగంటకి ఆయన పట్నం తెలుగు కూడా అరిగిపోయింది. "ఓలమ్మా, కదలని కార్లో నడుం సంగతి ఎలగ తెలస్తాదమ్మా? రోడ్డు మీద తిప్పుతాను, రండి" అన్నాడు. అది మంచి మాటే. బయట ఉన్న అలాంటి కారే ఇంకోటి ఎక్కి, గోతుల రోడ్డు ఎక్కడుందో అక్కడికే పోనిమ్మన్నాను. వెళ్ళి రావడంలో రెండుసార్లు "అమ్మా" అన్నాను. ఒకటి గొయ్యికి, ఒకటి ఆయన నడిపే తీరుకి. తిరిగొచ్చి, మిగిలిన కోటబొమ్మాళి దూరం కూర్చుని పూర్తి చేశాను. తలుపు తీసి, కాళ్ళు బయట పెట్టి, లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"ఇదే" అన్నాను. డబ్బా నిండా చింతపండు, సీటు మీద ఒక్క పిక్క పడితే ఒట్టు.

కారు ఇంటికొచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మర్నాడే ప్రయాణం. పొద్దున్న స్నానం చేసి వచ్చి చూద్దును కదా, నా సీటు కనబడలేదు. షోరూములో ఓడిపోయిన వాళ్ళంతా నా నడుం మీద ప్రేమ చూపించారు. మా అబ్బాయి వీపుకి ఉబ్బెత్తు దిండు కట్టాడు. కోడలు కింద నీళ్ళ సంచీలాంటి మెత్త వేసింది. మా ఆయన దాని మీద చెక్క పూసల చాప పరిచారు. ఎక్కి కూర్చుంటే తల కప్పుకి తగిలింది, కాళ్ళు ఉట్టిలో కుండల్లా వేలాడాయి. పురికొస పెట్టి చూపించాను. ముడికి బెత్తెడు పైన ఉన్నాను.

"ఇన్ని సుకాల మీద నాను కూకోలేను. తియ్యండి" అన్నాను.

మూడూ తీసి వీధరుగు మీద పెట్టారు. మేం తిరిగొచ్చేసరికి ఆ మూడింటి మీదా మా ఆయన నిద్రపోతున్నారు, అది వేరే సంగతి.

కోటబొమ్మాళి గంటన్నర లోపే వచ్చేసింది. అప్ప ఇంటి ముందు కారు ఆగింది. కాళ్ళు బయటపెట్టి లేచాను. "అమ్మా" అనలేదు. నాకు నేనే గొప్పగా కొంగు సర్దుకుని తలెత్తాను. అప్పుడు కనిపించాయి మెట్లు.

ఆరు మెట్లు, అన్నీ ఎత్తువే. వాననీళ్ళు ఇంట్లోకి రాకుండా ఎత్తు మీద కట్టిన ఇల్లు. ముప్పై ఏళ్ళుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నవే. శ్రీకాకుళంలో ఉన్న కార్లన్నీ కొలిచిన మనిషిని, ఈ మెట్లు ఒక్కటి మర్చిపోయాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. నడుం అక్కడే పట్టేసింది.

పైన గుమ్మంలో అప్ప కుర్చీలో ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి మొహం చేటంత చేసుకుంది. "ఏటే, కిందే నిలబడిపోనావు? రా!"

"ఎక్కలేనప్పా! నడుం!"

వినిపించలేదు. "కారు కొన్నాక కాళ్ళు పడిపోనాయేటి నీకు?"

మా అబ్బాయి చేతులతో సైగ చేసి చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి పైకి ఎత్తేస్తానన్నాడు నాతో. "నన్ను బస్తా ఎత్తినట్టు ఎత్తకు. బస్తాలు మీరెలగ దించుతారో నాకు తెల్దా?" అన్నాను. కోపంగానే అన్నాను గానీ, కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి. పదకొండు నెలలు ఆగి, ఆరు మెట్ల దగ్గర ఆగిపోయాను.

అప్ప కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగి, పై మెట్టు మీద చతికిలబడింది. కాళ్ళు ముందుకి చాపి, రెండు చేతులూ ఆనించి, కింది మెట్టు మీదికి జారింది. పదిమందిలో కింద కూర్చోవడమే ఎరగని మనిషి మా అప్ప.

"అత్తా, ఒద్దు! పట్టుసీర పాడైపోతాది!" అని లోపలి నుంచి అప్ప కోడలు కేకేసింది. ఈ కేక మాత్రం ఎలా వినిపించిందో.

"సీర ఉతికితే పోతాది. సెల్లి ఎలిపోతే మల్లీ ఎప్పుడొస్తాదో" అంటూ ఇంకో మెట్టు జారింది. మెట్టు మెట్టుకీ తిట్లే. ఇల్లు కట్టిన మేస్త్రీని ఒక మెట్టుకి, డాక్టర్ని ఒక మెట్టుకి, నన్ను రెండు మెట్లకి తిట్టింది. ఆఖరి మెట్టు దగ్గర మా అబ్బాయీ అప్ప కోడలూ చెరో పక్కా పట్టి లేపారు. నాలుగడుగులు నడిపించి కారు దగ్గరికి తెచ్చారు.

ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి కూర్చుంది. కాళ్ళు లోపలికి పెట్టుకుంది. సీటుని అరచేత్తో ఒత్తి చూసింది. నేను అటువైపు నుంచి ఎక్కాను. రెండు తలుపులూ వేసుకున్నాం. బయట లారీలు, హారన్లు, కుక్కలు, అన్నిటి గోలా ఒక్కసారి ఆగిపోయింది.

"అప్పా, ఎలగున్నావే?" అని అలవాటు కొద్దీ గొంతు చించుకున్నాను.

"అరవకే, ఇనబడతన్నాది" అంది.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇక ఆగలేదు. బెల్లం దిమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. కార్లోకే కాఫీ ఇచ్చారు, కార్లోకే భోజనాలు ఇచ్చారు. వీధిన పోయేవాళ్ళు అద్దంలోంచి తొంగి చూసి, ఏదో గొడవ జరుగుతోందనుకుని ఉంటారు. మా మాటలు బయటికి అలానే కనబడతాయి. షోరూములో పిక్కలు తీసిన చింతపండు డబ్బా చేతికిచ్చి, ఆ కథ చెబితే, నవ్వి నవ్వి మోకాళ్ళు పట్టుకుంది.

వెళ్ళేముందు "ఆ పురికొస నాకీ" అంది. ఎందుకో చెప్పలేదు. ఇచ్చేశాను. మెట్లు ఎక్కడానికి వీపు ఇంటివైపు తిప్పి కూర్చుని, ఒక్కొక్కటే వెనక్కి ఎక్కింది, మొహం నా వైపు ఉంచుకుని.

వారం తర్వాత ఫోను చేసింది. "ఒసే, వడ్రంగిని పిలిపించాను. నీ ముడి కొలతకి కింద మెట్ల పక్కన బల్ల సేయించాను. నాకు దిగడం అలవాటైపోనాది, రోజూ అక్కడే కూకుంటన్నాను. నువ్వు రా. ఈసారి నీ కారు గట్టి సీటు మీద ఏసుకోడానికి ఏదైనా మెత్తటిది తే."

మెత్తవన్నీ మా ఆయన కింద ఉన్నాయని చెప్పబోయాను. పెట్టేసింది.