జారిపోయింది అన్నారు

మా ఇంట్లో పనులు ఎవరూ చెయ్యరు. వాటంతట అవే అయిపోతుంటాయి. పాలు పొంగిపోతాయి, గొడుగు పోతుంది, కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది. వీటన్నిటి పక్కనా మా ఆయన నిలబడి ఉంటారు గానీ, ఆయనకీ వాటికీ ఏ సంబంధమూ ఉండదు. పెళ్ళయిన కొత్తలోనే మా తమ్ముడు ఇది కనిపెట్టి ఆయనకి ‘పోయింది బావ’ అని పేరు పెట్టాడు. "చొక్కా ఎలా చిరిగింది బావా?" అని అడగడం, ఆయన అమాయకంగా "చిరిగిపోయిందిరా" అనడం, వీడు పడీపడీ నవ్వడం. ఆ పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. చూశారా, ఆ ‘పోయింది’ నాకూ అంటుకుంది.

ఆయన చెడ్డవారని కాదు. దోమని చంపాలన్నా రెండుసార్లు ఆలోచించే రకం. తప్పు తన మీద పడుతుందంటే మాత్రం ఆయన నోట్లో ‘నేను’ అనే మాట నూతిలో పడ్డ బిందెలా అడుక్కి వెళ్ళిపోతుంది, ఎంత తోడినా పైకి రాదు.

ఆయన పనిచేసేది అద్దాల షాపులో. కిటికీలకీ, బీరువాలకీ, షోకేసులకీ కొలత ప్రకారం అద్దం కోసివ్వడం పని. దుప్పటి పరిచిన పెద్ద బల్ల, చెక్క స్కేలు, కిరసనాయిల్లో ముంచిన కట్టరు, అంతే సామాను. గీత ఒక్కసారే గియ్యాలి. రెండోసారి అదే గీత మీద గీశామా, అద్దమూ పాడు, కట్టరూ పాడు. ఈ పని ఆయనకి నేర్పింది మేస్త్రి గారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, అందులో ముప్పై ఐదేళ్ళు ఆ బల్ల దగ్గరే. అటు తిరిగి నిలబడి ఉన్నా సరే, గీత పడే చప్పుడు విని "ఆ చివర సరిగ్గా విరగదు, వేరే ముక్క తీసుకో" అనేవారట. అన్నట్టే విరిగేది కాదట.

మూడు నెలల క్రితం ఒక సాయంత్రం మా ఆయన వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "పెద్ద అద్దం పోయింది" అన్నారు. ఏదో వ్యాయామశాల గోడకి చేసిన నిలువెత్తు అద్దం. మేస్త్రీ, ఈయనా చెరో వైపు పట్టుకుని బల్ల మీంచి బండి దగ్గరికి మోస్తున్నారు.

"ఎలా పోయింది?"

"జారిపోయింది."

మీకేం తగల్లేదు కదా అని చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. మాటల మధ్యలో ‘ఫోన్ వచ్చిందా’ అని కూడా అడిగాను. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. వారం తిరక్కుండా మేస్త్రి గారు పని మానేశారని తెలిసింది. చేతుల్లో పట్టు తగ్గిందని ఆయనే అన్నారట. పెద్దతనం కదా అనుకుని ఊరుకున్నాను.

అప్పటినుంచి మా ఆయన మంచివారైపోవడం మొదలుపెట్టారు.

నవ్వకండి, నిజంగా అదో పనిలా పెట్టుకున్నారు. బీరువా తలుపు మీద కాగితం అంటించారు. అయిదింటికి లేవాలి. గొంతు పెంచకూడదు. పంచదార మానాలి. రోజుకో మంచి పని చెయ్యాలి. ఫోన్లో ఎవడో మహానుభావుడు పొద్దున్నే మొదలుపెట్టేవాడు, నిన్నటి నీకంటే నేటి నువ్వు గొప్పవాడివి కావాలని. వాడి గొంతు వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మా ఆయన గిన్నెలు తోమేవారు, తోమినవే మళ్ళీ తోమేవారు. బస్సులో తనకంటే చిన్నవాడికి సీటిచ్చి వాడితో తిట్లు తిన్నారు. పక్కింటి పిన్ని కూరగాయల సంచీ బలవంతంగా లాక్కుని మూడో అంతస్తు దాకా మోసుకెళ్ళారు. ఆవిడ ఉండేది మొదటి అంతస్తులో. మా అమ్మాయికి పదమూడేళ్ళు, నోరు నాదే వచ్చింది. "అమ్మా, నాన్న మంచోడవుతుంటే ఇంట్లో ఊపిరాడట్లేదే" అంది.

మనిషి బాగుపడుతుంటే మొహం తేటపడాలి కదా? ఈయన మొహం రోజురోజుకీ వాడిపోతోంది. కూర్చుంటే లేస్తారు, లేస్తే ఎందుకు లేచారో గుర్తుండదు. అన్నం ముందు కూర్చుని కంచాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ సగంలో చెయ్యి కడిగేస్తారు. ఆయన్ని చూసి చూసి నాకూ కాలు నిలవడం మానేసింది. పొయ్యి మీద ఏం పెట్టానో మర్చిపోయి గుమ్మంలో నిలబడుతున్నాను. పాపని ఊరికే కసురుకుంటున్నాను.

అంతలో ఓనరు కబురు చెప్పాడు. వచ్చే నెలనుంచి మేస్త్రి స్థానం మా ఆయనదేనట. నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా మా అమ్మకీ, మా తమ్ముడికీ, మేడ మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పేశాను. ఈయనేమో "నాకొద్దు" అన్నారు. ఎందుకొద్దూ అంటే మాట్లాడరు. ఆ వారంలో బల్ల దగ్గర మూడు అద్దాలు వంకరగా కోశారని ఓనరే ఫోన్ చేసి, "ఇంట్లో ఏమైనా గొడవలా అమ్మా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పొద్దున వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. పదిసార్లు చూశాను, ఇరవైసార్లు చూశాను. ఇక ఓపిక లేకపోయింది.

"కూర్చుంటారా లేదా? ఏం తప్పు చేశారని ఇంత మంచితనం?"

ఊరికే అన్నమాట అది. ఆయన మాత్రం చెంప మీద కొట్టినట్టు ఆగిపోయారు.

"తప్పు చేశానని నీకెవరు చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నేను గరిటె పక్కన పెట్టాను. పాపని మేడ మీదకి పొమ్మన్నాను.

"ఆ అద్దం సంగతేనా?"

"అది జారిపోయింది."

"ఎవరి చేతిలోంచి?"

వీధి గుమ్మం వైపు తిరిగారు.

"నేనడిగేది మిమ్మల్నేనండీ. ఎవరి చేతిలోంచి జారిపోయింది?"

"జారలేదు" అన్నారు. నేల వైపు చూస్తూ, "వదిలేశాను" అన్నారు.

పదిహేనేళ్ళుగా గ్లాసులు పగులుతున్నాయి, గొడుగులు పోతున్నాయి, ఆయన నోట అలాంటి మాట వినడం నాకదే మొదలు. విన్నాక సంతోషం కలగలేదు, భయమేసింది.

జేబులో ఫోన్ మోగింది. కుడి చెయ్యి తీశారు. ఒక్క క్షణమే కదా అనుకున్నారు. అంత బరువు ఒక్క చేత్తో ఆగుతుందా? అద్దం వాలిపోతుంటే మేస్త్రి గారు చివరిదాకా తన వైపు పట్టుకునే ఉన్నారట, మోచేతికి గీరుకుని రక్తం కారుతున్నా. ఓనరు పరుగెత్తుకొచ్చి "ఏమైంది?" అన్నాడు. ఈయన "జారిపోయింది" అన్నారు. అబద్ధమాడాలని కాదట, నోటికి అలవాటైన మాటే వచ్చిందట. ఓనరు మేస్త్రి గారి తెల్లజుట్టు వైపు చూశాడు. మేస్త్రి గారు తన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుని, "నా పట్టే సడలినట్టుంది" అన్నారట.

"నేను కాదనలేదు" అన్నారు మా ఆయన.

"ఆ ఫోను ఎవరిది?"

"నీదే. బీరువా తాళం ఎక్కడ పెట్టారని."

అది విన్నాక నా నోట ఏం మాటొచ్చిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. "ఎలాగూ ఆయన మానేశారుగా. ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఓనరు మిమ్మల్నీ పొమ్మంటే?" అన్నాను. మొగుణ్ణి తప్పు ఒప్పుకోమని పదిహేనేళ్ళు సాధించినదాన్ని, ఒప్పుకోగానే మూత పెట్టబోయాను.

"మొన్న మార్కెట్లో కనబడ్డారు" అన్నారు మా ఆయన. "సంచులన్నీ కోడలు మోస్తోంది. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వెనకాల నడుస్తున్నారు. నేను చూశానని పక్కకి తిరిగిపోయారు. ఆయన నన్ను చూసి సిగ్గుపడుతున్నారే!"

అద్దం పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. ఆ మనిషికి తన చేతుల మీద నమ్మకం పోయింది. పోవడమేమిటి నా మొహం, మేమే తీసేశాం.

"లేవండి. చొక్కా మార్చుకోండి" అన్నాను.

మేస్త్రి గారి ఇల్లు నడిచివెళ్ళే దూరమే. దారంతా ఈయన మాటలు కూర్చుకుంటున్నారు.

"మేస్త్రి గారూ, ఆ రోజు చిన్న పొరపాటు జరిగిపోయింది..."

"జరగడం కాదు."

"ఆ రోజు నా చెయ్యి తప్పిపోయి..."

"చెయ్యి తప్పిపోవడానికి అదేమన్నా సంతలో పిల్లా?"

"ఆ రోజు నా వైపు నుంచి వదిలివేయడం జరిగింది."

"వార్తలు చదువుతున్నారా?"

నడివీధిలో ఆగి నా మీద గొంతు పెంచారు. "చెప్పడం ఎంత కష్టమో నీకు తెలుసటే? ఫోన్ చేశానని నువ్వొక్కసారైనా అన్నావా? ‘ఫోన్ వచ్చిందా’ అనేగా ఆ సాయంత్రం అడిగావు!" కాగితం మీద రాసుకున్న నియమం గాల్లో కలిసింది. మూడు నెలల్లో ఆయన మనిషిలా కనబడింది అప్పుడే. ఆయన అన్నది నిజమే.

మేస్త్రి గారివి రెండే గదులు. ముందు గదిలో మడతకుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతులు చంకల్లో దోపుకుని. పక్కనే చాప మీద చంటిపిల్ల, కొడుకు కూతురట. ఇంకా మూడో నెల నిండలేదు. కోడలు స్నానాల గదిలో ఉంది. మమ్మల్ని చూసి ఆయన మొహంలో ఏదో మెదిలి ఆరిపోయింది. "మేస్త్రివయ్యావటగా, సంతోషంరా" అన్నారు. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

అంతలో పిల్ల ఏడుపు లంకించుకుంది. చిన్న ఏడుపు కాదు, మొహం ఎర్రబడి గుక్క పెట్టింది. మేస్త్రి గారు కుర్చీలో ముందుకు వంగి "వస్తోంది, వస్తోందమ్మా మీ అమ్మ" అంటారే గానీ చెయ్యి చాపరు. స్నానాల గది వైపు చూసి "అమ్మాయ్, తొందరగా!" అని కేకేశారు. కొంగలా మెడ చాచి నేనూ అటూ ఇటూ చూస్తున్నాను. ఏం మనిషయ్యా, ఎదురుగా పిల్ల గుక్క తిరక్కుండా ఏడుస్తుంటే ఎత్తుకోడేం అని ఒళ్ళు మండింది. గబగబా వెళ్ళి నేనే తీసుకుని భుజాన వేసుకున్నాను.

అప్పుడే చెప్పారు మా ఆయన. ఏడుపు మధ్యలో, దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ లేకుండా.

"మేస్త్రి గారూ, అద్దం జారలేదు. నేను వదిలేశాను. ఫోన్ తియ్యడానికి చెయ్యి తీశాను. మీ పట్టు సడలలేదు. మీరన్నప్పుడు నేను కాదనలేదు."

మేస్త్రి గారు తిడతారనుకున్నాను. లేచి కొడతారేమోనని కూడా అనుకున్నాను. ఆయన మా ఆయన చేతుల వైపు చూశారు.

"నీ వైపేనా?"

"నా వైపే."

"నా వైపు?"

"మీరు చివరిదాకా పట్టుకునే ఉన్నారు."

"అయితే నా చేతులు..." అని ఆగారు. చంకల్లోంచి తీసి రెండూ ముందు పెట్టుకున్నారు. వేళ్ళు ముడిచారు, తెరిచారు.

"ఓనరుతో నువ్వే చెప్పు, రేపు పొద్దున్నే" అన్నారు. "చెప్పాక పనిలో ఉంచుతాడో లేదో అది నీ ఖర్మ. నేను నిన్నేమీ అనను. క్షమించానని కూడా అనను."

"చెబుతాను" అన్నారు మా ఆయన.

మేస్త్రి గారు కుర్చీలోంచి లేచారు. ఆయన చూపు మా ఆయన్ని దాటి నా భుజం మీది పిల్ల దగ్గర ఆగింది.

"ఇది పుట్టినప్పట్నుంచీ ఒక్కసారి ఎత్తుకోలేదురా" అన్నారు. "పడేస్తానేమోనని."

నా ఎదురుగా వచ్చి నిలబడి రెండు చేతులూ చాచారు. "ఇలా ఇయ్యమ్మా" అన్నారు.