ముందు నొక్కిన చెయ్యి

"...అంటే నా చేతుల్లో ఏముందత్తయ్యా, విషముందా?"

"విషమని నేనన్నానా? నువ్వు నొక్కితే రాదు, చిన్నది నొక్కితే వస్తుంది. కళ్ళున్నవాళ్ళందరికీ కనపడుతోంది."

ఫొటో స్టూడియో లోపలి గదిలో అత్తా, పెద్దకోడలూ వాదించుకుంటున్నారు. కౌంటరు దగ్గర పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్న చిన్నకోడలి కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

గొడవంతా కంప్యూటరు గురించి. ఈమధ్య పెద్దకోడలు పొద్దున్నే షాపు తెరిచి మీట నొక్కగానే నల్లటి తెర మీద ఒకటే మాట: డ్రైవు కనపడటం లేదని. ఆపుతుంది, మళ్ళీ నొక్కుతుంది. ప్లగ్గు పీకి పెడుతుంది. చాలాసేపు ఆ తంటాలు పడి, విసుగెత్తి లేచేసరికి తోడికోడలు ఇంట్లో పిల్లలందర్నీ బడికి పంపి వస్తుంది. చెప్పులైనా విడవకుండా ఒంటి వేలితో నొక్కుతుంది. తెర వెలుగుతుంది.

"నువ్వంటే దానికి భయమేమో అక్కా" అని నవ్వుతుంది.

ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది.

మామగారు పోయాక కెమెరా భర్త చేతికి వచ్చింది, కంప్యూటరు ముందున్న కుర్చీ పెద్దకోడలికి వచ్చింది. పెళ్ళికూతురి మెడ మీది మచ్చ తీసేసి, మెడ మాత్రం ఆ పిల్లదిలాగే ఉంచటం ఆమెకు తెలుసు. మరిది పెళ్ళయ్యాక తోడికోడలికి పని నేర్పిందీ ఆమే. మౌసు పట్టుకున్న చేతి మీద తన చెయ్యి వేసి మరీ నేర్పింది. ఇప్పుడు వచ్చేపోయేవాళ్ళు "చిన్నావిడ చెయ్యి మంచిది" అంటుంటే, ఆ నేర్పిందంతా వెనక్కి లాక్కోవాలనిపించేది.

అత్తగారు తేల్చి చెప్పింది. "సోమవారం నుంచి బడి ఆల్బమ్‌ల పని. అప్పుడిది మొరాయిస్తే మన పరువు పోతుంది. ఆ కుర్చీలో చిన్నది కూర్చుంటుంది. నువ్వు కౌంటరు చూసుకో."

రిపేరు చేసే అతను లోగడ అత్తగారు పిలిస్తే మధ్యాహ్నాలే వచ్చేవాడు. అప్పుడు కంప్యూటరు చక్కగా పనిచేసేది. ఈసారి పెద్దకోడలే కబురు పెట్టి, శనివారం పొద్దున్న షట్టరు ఎత్తే వేళకు రమ్మంది.

"ముందు మీరే నొక్కండి" అంది.

నొక్కాడు. నల్లటి తెర. డ్రైవు కనపడటం లేదు.

ఆమెకు నవ్వాగలేదు. "మీ చెయ్యీ మంచిది కాదన్నమాట!"

అతను పెట్టె పక్కరేకు విప్పి, లోపల డ్రైవుకు వెళ్ళే సన్నటి వైరును వేలితో నొక్కి పట్టుకుని మళ్ళీ ఆన్ చేశాడు. తెర వెలిగింది.

"దీని మొన వదులైంది మేడం. రాత్రంతా చల్లబడితే కాంటాక్టు దొరకదు. కాసేపు కరెంటు పారి పెట్టె వేడెక్కితే పట్టుకుంటుంది. రోజూ ముందు ఆన్ చేసేదెవరు?"

"నేనే."

"అదీ సంగతి. మీరు వండి పెడుతున్నారు, వచ్చినావిడ వడ్డించుకుంటోంది."

అతను సంచిలోంచి కొత్త వైరు తీశాడు.

"మార్చెయ్యనా? ఎంతోసేపు పట్టదు."

ఆమె వీధిలోకి చూసింది. తోడికోడలు ఇంకా మలుపు దగ్గర కనపడలేదు.

"ఇప్పుడొద్దు. వచ్చేవారం నేనే కబురు పెడతాను."

"అయితే ఫొటోలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ వైరును నమ్మలేం."

ఆ రోజంతా ఆమె ఆ పనిమీదే కూర్చుంది. ఒక్క ఫొటో కూడా వదలకుండా కాపీ చేసి, ఆ డిస్కును తన సంచిలో పెట్టుకుంది. వైరు మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం షట్టరు దించాక తాళాల గుత్తి తోడికోడలి చేతిలో పెట్టింది.

"ఇదేంటక్కా?"

"మీరన్నదే సబబుగా ఉంది అత్తయ్యా" అంది, అత్తగారి వైపు తిరిగి. "సోమవారం నుంచి షాపు చెల్లే తెరుస్తుంది. కంప్యూటరు కూడా తనే ముందు ఆన్ చేస్తుంది. పిల్లల్ని బడికి పంపి నేను నెమ్మదిగా వస్తాను."