బంటింగ్ వెబర్, మా రూతమ్మ పెద్దమ్మమ్మ

నిన్న సాయంత్రం ఇక్కడ మలేషియాలో, పోర్ట్ క్లాంగ్‌లో షిఫ్ట్ దిగి రైలు కోసం నిలబడి ఉన్నాను. చెల్లి ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"పెద్దమ్మమ్మ పోయినాది అక్కా."

రైలు వచ్చింది. వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

వందకు దగ్గరపడిన మనిషి, ఇవాళో రేపో అని తెలియదా అంటారు. తెలుసు. అయినా తర్వాతి రైలూ వదిలేశాను.

మా అమ్మమ్మకు అక్క. పూర్తి పేరు రూత్ వెబర్.

బ్యాంక్‌లో, క్లినిక్‌లో, ఎక్కడ పేరు పిలిచినా జనం తలలు తిప్పి చూసేవాళ్ళు. జర్మన్ ఇంటిపేరు, చూస్తే చీర కట్టుకున్న తెలుగు ముసలావిడ!

ఒకసారి ఫోన్‌లో వెతికి చూపించాను. సంగీతం కట్టిన వెబర్లు, ప్రొఫెసర్ వెబర్లు, ఆటగాళ్ళు, పెద్ద పెద్ద కుటుంబాలు. ఓపిగ్గా అంతా విని, "ఇందల మన బంటింగోలు ఉన్నారేటి?" అంది.

లేరన్నాను.

"అయితే సరిగ్గా రాయలేదు లా," అంది, ఇక్కడివాళ్ళ తీరున మాట చివర లా తగిలించి.

అందుకే ఆ బంటింగ్ ఊరి వెబర్ల సంగతి ఇక్కడ నేను రాస్తున్నాను.

పెద్దమ్మమ్మ వాళ్ళ నాన్న బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో ఇంజన్లు చూసే జర్మన్. అదే తోటలో రబ్బరు పాలు తీసే తెలుగు కూలీ మరియమ్మను చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు పుట్టిన ఒక్క పిల్ల మా పెద్దమ్మమ్మ. పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో రబ్బరు ధర పడిపోయి ఆయన పని పోయింది. సొంత దేశానికి తిరిగి వెళ్ళక తప్పలేదు.

పిల్లను ముందు తీసుకెళ్తాను, నువ్వు తర్వాత రా అన్నాడు.

మరియమ్మ కాదనలేదు.

ఓడరేవులో పిల్ల నాన్న చంకనెక్కింది. ఓడ ఎక్కుతున్నానని ఒకటే సంబరం. మరియమ్మ ఏడవలేదు. పిల్ల గౌను సర్ది, జుట్టు నిమిరి, వెనక్కి జరిగి నిలబడింది.

ఆయన మెట్లు సగం ఎక్కి వెనక్కి తిరిగి చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత దిగి వచ్చి పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు.

"నీ పిల్ల. నువ్వు ఉంచు." తనకు వచ్చిన కాస్త తెలుగులో అన్న మాట అది.

మళ్ళీ రాలేదు. ఎక్కడున్నాడో, ఎలా పోయాడో ఎవరికీ తెలియదు.

పెద్దమ్మమ్మ ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఇక్కడికొచ్చి తన చెంప తడుముకునేది. "ఓడెక్కుతానని మాయమ్మని కొట్టినానే. మొకం మీద కొట్టినాను. ఒక్క మాట అన్నాది కాదు."

పోయిన వారం హాస్పిటల్‌లో నన్ను చూసి వాళ్ళమ్మ అనుకుంది. నా చెంప నిమురుతూ, "నొప్పెట్టిందా అమ్మా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను.

కొన్నాళ్ళకు మరియమ్మ అదే తోటలో పనిచేసే అప్పన్నను చేసుకుంది. మా అమ్మమ్మ ఆయన కూతురే.

ముప్పైల చివర్లో యూరప్‌లో యుద్ధం మొదలైంది. ఇక్కడి జర్మన్లను బ్రిటిష్ పోలీసులు పట్టుకెళ్తున్నారని తోటంతా గుసగుసలు. తోట గుమాస్తా ఇంటికొచ్చి, పిల్లకు వెబర్ అన్న పేరు తీసేసి అప్పన్న పేరు పెట్టెయ్యమన్నాడు. మరియమ్మ భయంతో తల ఊపేసింది.

అప్పన్న ఊపలేదు.

"ఆడు పిల్లనొగ్గేసి పారిపోయినోడు కాడు. తల్లికి ఎనక్కిచ్చి ఎల్లినోడు. పిల్ల నా ఇంట తింటాది, నా ఇంట ఉంటాది. ఆడి పేరు ఉండనీ."

ఆ తర్వాత చాలా రోజులు, కారు చప్పుడైతే చాలు, మరియమ్మ పిల్లను మంచం కిందికి తోసేదట. అప్పన్న వెళ్ళి గుమ్మంలో కూర్చునేవాడట.

ఎవరూ రాలేదు.

పెళ్ళయ్యాక కూడా పెద్దమ్మమ్మ పేరు మార్చుకోలేదు. "ఇద్దరు నానలిచ్చిన పేరే. ఎలాగ తీసేస్తాను?" అనేది.

ఆమెకు పిల్లలు లేరు. మా ఇళ్ళలో ఆ పేరు ఆమెతోనే అయిపోయింది.

ఈ పొద్దున నా కూతురు శవపెట్టె పక్కన నిలబడింది. తెలుగు అర్థమవుతుంది కానీ ఎప్పుడూ మాట్లాడదు, సిగ్గు. ఎవరూ చెప్పకుండానే వంగి మెల్లగా అంది.

"ఎల్లిరా తాతమ్మా."

నాకు అంతకంటే మంచి మాట దొరకడం లేదు.

నిమ్మళంగా ఎల్లిరా, పెద్దమ్మమ్మా. ప్రభువు నిన్ను తన ఒడిలో పడుకోబెట్టుకోవాలి.