నెమలి తిత్తిలో మా చోళ్లు

నెమలి పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దొరసానిగారి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నాక మొట్టమొదట రాయాలనుకున్నది దాని సంగతే. అందమైన పక్షి అని మురిసిపోయేవాళ్లెవరూ దాని వెనక చేలో పరిగెత్తినవాళ్లు కారు.

ఎక్కడుంటే అక్కడి తిండికి మరుగుతుంది అది. మా పుట్టిల్లు అడవి అంచున. అక్కడ రేగుపళ్లు, చెదలు ఏరుకుని తన మానాన తను బతికేది. గోదావరి లంకల్లో దోసపిందెలు పొడిచేది. కొత్త కాలవలు తవ్వాక గట్ల మీది పొదల్లో చేరి వరికంకులు దూసేది. రాజమండ్రి ఎగువన మెట్టలో, నేను కాపరానికి వచ్చిన ఊళ్లో, చోళ్లకు, కొందరు రాగులంటారే, వాటికి మరిగింది.

ఆ చోళ్లచేను మేం పాలికి చేసేవాళ్లం. పంటలో సగం ఆసామిది, సగం మాది. గింజ గట్టిపడగానే పొద్దున్నే ఆరేడు నెమళ్లు దిగేవి. తిన్నదానికన్నా తొక్కింది ఎక్కువ. నేను పళ్లెం వాయిస్తూ ఈ చివర తోలితే ఆ చివర దిగేవి, సిగ్గులేని జాతి. రాయి విసరడానికి లేదు. స్వామివారి వాహనమని ఆసామి కట్టడి.

కోతకు ముందు ఆసామి చేను చూడటానికి వచ్చాడు. సగం కంకులు బోసిగా ఉన్నాయి.

"నెమలి పాముల్నీ పురుగుల్నీ తింటుంది గానీ గింజ ముడుతుందా? మీరే దూసుకుపోయారు. రేపటికల్లా నిజం ఒప్పుకోండి, లేదా చేను వదిలిపొండి" అన్నాడు.

దొంగలమట! మా ఆయన తల వంచుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు పొద్దున్నే చేనుగట్టున ఒక నక్క నన్ను చూసి, నోట్లో నెమలిని వదిలేసి పారిపోయింది. పీక కొరికేసింది, ప్రాణం లేదు. దేవుడే పంపాడనుకున్నాను. దాన్ని ఆసామి వాకిట్లోకి మోసుకుపోయి, పదిమంది ఎదుట, కొడవలితో పీక నుంచి మేత తిత్తి దాకా చీల్చాను. ఎర్రటి చోళ్లు బొలబొలా రాలాయి.

"చూడండయ్యగారూ! పాములేవండి ఇందులో?"

ఆసామి గింజల వంక చూడనేలేదు. నా చేతిలో నెత్తుటి కొడవలి చూశాడు.

"స్వామి వాహనాన్ని చంపింది చాలక, నా గుమ్మంలోకే తెచ్చి కోస్తావా?"

"నక్క కొరికిందండి బాబూ, ఆ పీక చూడండి" అంటూ మా ఆయన ముందుకు వంగాడు. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. నక్క పంటిగాటు ఉన్నచోటే నా కొడవలి పడింది. చూపించడానికి ఏమీ మిగల్లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చేను ఆ పూటే పోయింది. నేను మాత్రం ఊరికే లేవలేదు. అందరూ చూస్తుండగా నేలమీది చోళ్లు గింజ గింజా ఏరి కొంగున కట్టుకున్నాను. ఇంటికొచ్చి కడిగి, తిరగలిలో విసిరి, అంబలి కాచాను. మా ఆయన ముట్టలేదు. నేను తాగాను. ఆ ఏడు మా చేను మాకు పెట్టింది అదొక్కటే.